మంచు రాష్ట్రాల్లో పూల లాన్: విత్తనాలు చల్లి పెంచడం ఎలా?

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి ఇంటితోపాటు లాన్ అనే తలనొప్పి కూడా వచ్చి పడుతుంది. వారం వారం కోయాలి, నీళ్ళు పెట్టాలి, సీజన్‌లో నాలుగైదుసార్లు మందు కొట్టించాలి, ఇంతా చేశాక ఆగస్టు ఎండలకి అది గోధుమ రంగుకి తిరిగిపోతుంది, పక్కింటివాళ్ళది పచ్చగా ఉంటే అదో టెన్షన్.

దీనికి ఇక్కడ బాగా పనిచేసే మార్గం ఒకటుంది. ఉన్న గడ్డిని పీకి పారేయకుండా, అందులోనే నేలబారుగా పాకి పూసే మొక్కల విత్తనాలు కలిపి పెంచడం. దీన్ని బీ లాన్ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళు మిన్నియాపాలిస్ పార్కుల్లో ఇలా పెంచి చూస్తే ఒక్క తెల్ల క్లోవర్ (నేల మీద పాకే మూడాకుల మొక్క) పూల మీదకే 50కి పైగా తేనెటీగ జాతులు వచ్చాయి. తేనెటీగల సంగతి పక్కన పెట్టినా, కోత తగ్గుతుంది, ఎరువు ఖర్చు పోతుంది. అయితే పని తగ్గేది రెండో ఏడాది నుంచే. మొదటి ఏడాది కష్టపడాలి, అంతకంటే ముఖ్యంగా ఓపిక పట్టాలి.

ఏ విత్తనాలు కొనాలి?

షాపులో రంగురంగుల బొమ్మతో వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ అని ప్యాకెట్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. అందులోవి మోకాలి ఎత్తుకి పెరిగేవి, మోవర్ నడిపితే మళ్ళీ లేవవు. లాన్‌లో బతకాలంటే మూడంగుళాల ఎత్తులో కోసినా ఆ కింద నుంచే పూసే మొక్క అయి ఉండాలి. అలాంటివి నిజంగా నమ్మదగినవి మూడే.

మొదటిది డచ్ వైట్ క్లోవర్. లాన్‌కి అసలు బలం ఇదే. దీని వేళ్ళ బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, పెసర, మినుము వేసిన చేను బలపడేది కూడా ఇలాగే. అందుకే ఎరువు అక్కర్లేదు. రెడ్ క్లోవర్, క్రిమ్సన్ క్లోవర్ పొరపాటున కూడా తేవద్దు, మొదటిది ఎత్తు పెరుగుతుంది, రెండోది ఒక్క ఏడాదితో పోతుంది. మైక్రో క్లోవర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పూలు తక్కువ. రెండోది సెల్ఫ్ హీల్, ఊదా రంగు పూలు, కొంచెం నీడ తగిలినా పరవాలేదు, ఇది ఇక్కడి నేలకి సొంత మొక్క కూడా. మూడోది క్రీపింగ్ థైమ్, దానికి ఎండ, నీరు నిలవని నేల కావాలి, బంకమన్ను ఉన్న ఇళ్ళలో దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

గడ్డి కూడా మార్చే ఉద్దేశం ఉంటే కెంటకీ బ్లూగ్రాస్ బదులు ఫైన్ ఫెస్క్యూ రకాలు తీసుకోండి. నెమ్మదిగా పెరుగుతాయి, నీళ్ళు తక్కువ అడుగుతాయి, పూల మొక్కల్ని తొక్కేయవు. గడ్డి, పూలు కలిపిన బీ లాన్ మిక్స్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, అది గడ్డి లేని ఖాళీ నేలకి మంచిది. ఉన్న లాన్‌లో కలపడానికైతే పూల విత్తనాలు విడిగా కొనడమే చౌక. క్లోవర్ కొనేటప్పుడు ఒకటి చూడండి: పైన పొర పట్టించిన (కోటెడ్) విత్తనమైతే సంచి బరువులో మూడో వంతో అంతకంటే ఎక్కువో ఆ పొరే ఉంటుంది, ఆ లెక్కన కాస్త ఎక్కువ చల్లాలి.

విత్తనం కంటే ముందు, మందు ఆపండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వీడ్ అండ్ ఫీడ్ అని అమ్మే సంచుల్లో 2,4-డి లాంటి కలుపు మందులుంటాయి. అవి గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతాయి, క్లోవర్ కూడా వెడల్పాకు మొక్కే మరి. నిజానికి 1940లలో ఈ మందు మార్కెట్‌లోకి రాకముందు లాన్ విత్తనాల్లో క్లోవర్‌ని కావాలనే కలిపి అమ్మేవాళ్ళు, మందు దాన్నీ చంపేస్తుంది కాబట్టి తర్వాత తర్వాత దాన్ని కూడా కలుపు లెక్కలో వేసేశారు.

వసంతంలో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి రాకుండా చల్లే మందు ఇంకో రకం ఇబ్బంది, అది ఏ విత్తనాన్నీ మొలవనివ్వదు, నెలల తరబడి నేలలోనే ఉంటుంది. మందు వేశాక ఎన్నాళ్ళకి విత్తనం వేయొచ్చో సంచి లేబుల్ మీద రాసి ఉంటుంది, అది చదివి తేదీ లెక్కేసుకోండి. లాన్ సర్వీసు కాంట్రాక్టు ఉంటే ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఆపించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మనిషి వచ్చి అలవాటుగా స్ప్రే చేసి వెళ్ళిపోతే ఏడాది శ్రమ వారంలో పోతుంది.

ఎప్పుడు చల్లాలి?

మంచు కరిగి కాస్త ఎండ రాగానే అందరికీ తోట మీద ఉత్సాహం వస్తుంది, కానీ మే నెలలో చల్లితే కలుపు కూడా అదే ఊపులో మొలుస్తుంది, ఆ పోటీలో చిన్న మొలకలు గెలవడం కష్టం. నా ఓటు రెండు సమయాలకే. ఒకటి ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మూడో వారం వరకు: నేల వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది, చలి ముదిరేలోపు మొలక వేరూనుకుంటుంది. రెండోది నవంబర్‌లో, నేల ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగాక, మంచు కప్పేలోపు. అప్పుడు చల్లిన విత్తనం మొలవదు, చలికాలమంతా నిద్రపోతుంది, నేల గడ్డకట్టి మళ్ళీ కరుగుతూ పగుళ్ళు వేసినప్పుడు లోపలికి దిగి, వసంతంలో దానంతటదే లేస్తుంది. నీళ్ళు పెట్టే పని కూడా ఉండదు. సెల్ఫ్ హీల్‌కైతే ఈ చలి తగలడం మేలు చేస్తుంది. బద్ధకస్తులకి నవంబరే బెస్ట్, కాకపోతే ఏటవాలు నేలైతే వద్దు, మంచు కరిగే నీటితోపాటు విత్తనం రోడ్డు పక్క కాలవలో చేరుతుంది.

నేల తయారీ

లాన్ మొత్తం ఒకేసారి మొదలుపెట్టొద్దు. బ్యాక్‌యార్డ్‌లో వెయ్యి చదరపు అడుగులు చాలు మొదటిసారికి.

గడ్డిని ఒక అంగుళం ఎత్తుకి బాగా దగ్గరగా కోసేయండి, కోసినదంతా ఎత్తేయండి. తర్వాత ఇనుప గార్డెన్ రేక్‌తో ఎండుగడ్డిని గట్టిగా గీకి తీయాలి. భుజాలు నొప్పి పుడతాయి, అయినా తప్పదు, ఎందుకంటే విత్తనం గడ్డి మీద ఆగిపోతే మొలకెత్తినా వేరు మట్టిని అందుకోలేక ఎండిపోతుంది. నిలబడి చూస్తే గడ్డి మధ్య మట్టి బాగా కనిపించాలి, కనిపించలేదంటే ఇంకా గీకాలి. నేల గట్టిగా ఉంటే హార్డ్‌వేర్ షాపులో నేలకి చిల్లులు పెట్టే కోర్ ఎయిరేటర్ అద్దెకి దొరుకుతుంది, పక్కింటివాళ్ళతో కలిసి తీసుకుంటే ఖర్చు సగం. అది పైకి తీసిన మట్టి ముక్కల్ని అక్కడే వదిలేయండి, అవే విరిగి విత్తనానికి ఆసరా అవుతాయి. యూనివర్సిటీ ల్యాబ్‌లో మట్టి పరీక్ష తక్కువ ఖర్చుతో అయిపోతుంది, పీహెచ్ 6, 7 మధ్య ఉంటే ఇంకేమీ కలపక్కర్లేదు.

చల్లడం

క్లోవర్ విత్తనం ఆవగింజ కంటే చిన్నది, థైమ్ అయితే దాదాపు పొడిలా ఉంటుంది. నేరుగా గుప్పిట్లో తీసుకుని చల్లితే ఒకచోట గుంపు, ఇంకోచోట ఖాళీ. ఊళ్ళో పెరట్లో తోటకూర గింజలు ఇసుకలో కలిపి చల్లినట్టే ఇక్కడా పొడి ఇసుక కలపండి, ఒక బకెట్ ఇసుక సరిపోతుంది. వెయ్యి చదరపు అడుగులకి క్లోవర్ పావు పౌండు దాటక్కర్లేదు. మీకు గడ్డి, పూలు కలిసిన లాన్ కావాలి, క్లోవర్ చేను కాదు, అది ఎక్కువైతే మిగతా రెండింటికీ చోటివ్వదు. మిగతా రెండూ ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం, కిచెన్ త్రాసు మీద తూచి వేసుకోండి.

మొత్తం రెండు భాగాలు చేసి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. మట్టితో కప్పొద్దు, ముఖ్యంగా థైమ్‌కి వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. రేక్‌ని తిరగేసి వీపుతో ఒకసారి తేలిగ్గా లాగి, దాని మీద అటూ ఇటూ నడిస్తే చాలు. పిల్లలకి చెప్తే ఈ పని ఇంకా బాగా చేస్తారు.

నీళ్ళు, కోత

ఆగస్టులో చల్లినవాళ్ళు మొదటి రెండు మూడు వారాలు పై మట్టి ఆరకుండా చూసుకోవాలి, రోజుకి ఒకటి రెండుసార్లు పల్చగా స్ప్రింక్లర్ పెడితే సరిపోతుంది, మడుగు కట్టేలా పెడితే విత్తనం కొట్టుకుపోతుంది. క్లోవర్ వారం పది రోజుల్లో కనిపిస్తుంది. సెల్ఫ్ హీల్, థైమ్ మాత్రం రెండు వారాల నుంచి నెల దాకా తీసుకుంటాయి, అవి రాలేదని మళ్ళీ గీకి పాడుచేయకండి. క్లోవర్ మొలక మొదట రెండు చిన్న ఆకులతో, ఆ తర్వాత ఒక గుండ్రటి ఆకుతో వస్తుంది, మూడాకుల గుర్తు కోసం కొన్నాళ్ళు ఆగాలి, ఈలోపు కలుపనుకుని పీకేస్తారు జాగ్రత్త.

పాత గడ్డి మాత్రం ఆగకుండా పెరుగుతుంది, మొలకలకి నీడ పడకుండా నాలుగంగుళాలు దాటగానే మూడుకి కోయండి. తర్వాత ఎప్పటికీ అదే ఎత్తు, మూడు నుంచి నాలుగు అంగుళాలు. పూల లాన్ నిలదొక్కుకున్నాక రెండు మూడు వారాలకోసారి కోసినా నడుస్తుంది. కోసిన గడ్డి అక్కడే వదిలేయండి. నత్రజని ఎరువు మాత్రం వేయకండి, దాంతో గడ్డి రెచ్చిపోయి పూలని మింగేస్తుంది. ముళ్ళ కలుపు కనిపిస్తే వాన పడ్డ మర్నాడు చేత్తో పీకండి.

శరత్కాలంలో వేసిన క్లోవర్ వచ్చే జూన్‌కి పూస్తుంది. సెల్ఫ్ హీల్, థైమ్ మాత్రం సరిగ్గా కనబడేది రెండో వేసవిలోనే.

పిల్లలు, కుందేళ్ళు, హెచ్ఓఏ

పూలున్న చోట తేనెటీగలుంటాయి, కాబట్టి చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లలున్న ఇంట్లో, ఎవరికైనా తేనెటీగ కుడితే అలర్జీ ఉన్న ఇంట్లో, ఆడుకునే చోటు వదిలేసి పక్క స్థలంలో వేసుకోండి. పుట్టినరోజు పార్టీ ఉంటే ముందురోజు సాయంత్రం కోసేయండి, పూలు పోతాయి, తేనెటీగలూ రావు, వారం పది రోజుల్లో మళ్ళీ పూస్తాయి. క్రికెట్ ఆడే పట్టీ మాత్రం ఉత్త గడ్డిగానే ఉంచండి, క్లోవర్ అంత తొక్కుడు తట్టుకోదు, తెల్ల ప్యాంట్ల మీద దాని పచ్చ మరక కూడా ఒక పట్టాన వదలదు. కుందేళ్ళకి క్లోవర్ అంటే ప్రాణం, వస్తాయి, తింటాయి, దాని గురించి చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు.

హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్నచోట ముందు రూల్స్ పుస్తకం చదవండి. లాన్ అంచులు నీటుగా కత్తిరించి ఉంచితే సగం కంప్లయింట్లు రావు. మిన్నెసోటాలో అయితే లాన్స్ టు లెగ్యూమ్స్ అని రాష్ట్ర ప్రభుత్వ పథకం 2019లో పెట్టారు, ఎంపికైన ఇళ్ళకి ఖర్చులో కొంత తిరిగి ఇస్తారు, విత్తనాలు కొనకముందే దరఖాస్తు సంగతి చూసుకోవడం మంచిది.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి అలాగే పనికిరాదు, అక్కడి వేసవికి తెల్ల క్లోవర్ నీరసించిపోతుంది. అక్కడ ఫ్రాగ్‌ఫ్రూట్ అనే పాకే మొక్కని చూడండి, మన చెరువు గట్ల మీద చిన్న తెల్ల పూలతో అల్లుకునేది ఇదే. కాకపోతే అది విత్తనం కంటే నారు మొక్కలతో తేలిగ్గా పాకుతుంది.

ఇక విత్తనం మిగిలితే పారేయకండి, గాలి తగలని డబ్బాలో చల్లగా, పొడిగా ఉంచితే క్లోవర్ రెండు మూడేళ్ళు మొలుస్తుంది. రెండో నవంబర్‌లో లాన్‌లో పల్చగా ఉన్న చోట్లు గీకి, అక్కడ చల్లేయండి.