రాత్రి రౌటర్ మార్చే ముందు పోర్టుల దగ్గర జాగ్రత్తలు

సిస్కో ఐఎస్ఆర్ 4331 రౌటర్‌కి ఆర్‌జే-45 (నెట్‌వర్క్ కేబుల్ కొస గుచ్చే రకం) పోర్టులు ఐదుంటాయి: కన్సోల్, ఆగ్జిలరీ (మోడెమ్ లాంటివి కలిపే అదనపు పోర్టు), మేనేజ్‌మెంట్ ఈథర్‌నెట్, రెండు డేటా పోర్టులు. చూడ్డానికి ఐదూ ఒకేలా ఉంటాయి. ఏ కేబుల్ ఎందులో పెట్టినా టిక్కుమని కూర్చుంటుంది, అదే చిక్కు. అందుకే రౌటర్ ఇంకా టేబుల్ మీదున్నప్పుడే, పగటి వెలుగులో, దేనికేదో లేబుళ్లు అంటించేయండి.

ముందు కన్సోల్ సంగతి తేల్చుకోండి. నెట్‌వర్క్ మొత్తం పడిపోయినా లోపలికి వెళ్లనిచ్చే దారి అది. అందులో నడిచేది ఈథర్‌నెట్ కాదు, సీరియల్ (ఒక్కో బిట్ చొప్పున పంపే పాత పద్ధతి). మామూలు ప్యాచ్ కార్డు (చిన్న నెట్‌వర్క్ కేబుల్) పనికిరాదు, రోల్‌ఓవర్ కేబుల్ (ఒక కొసలోని తీగల వరస రెండో కొసలో తిరగబడి ఉండేది) కావాలి. ఎక్కువగా లేత నీలం రంగులో వస్తుంది. ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ ప్రోగ్రామ్‌లో సెట్టింగులు: వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ ఆఫ్. యూఎస్‌బీ అడాప్టర్ డ్రైవర్ ల్యాప్‌టాప్‌లో ఉందో లేదో సాయంత్రమే చూసుకోండి. లింకు తీసేశాక ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేస్తారు? పక్కనున్న యూఎస్‌బీ కన్సోల్‌ని ఎవరైనా ఇంకో ల్యాప్‌టాప్‌కి కలిపి వదిలేస్తే ఆర్‌జే-45 కన్సోల్ మీ టైపింగ్ తీసుకోదు. రౌటర్ పోయిందనుకునే ముందు అది చూడండి.

వైఫై పరికరాల పాసివ్ పీఓఈ ఇంజెక్టర్ (నెట్‌వర్క్ కేబుల్‌లోంచే కరెంటు పంపే పెట్టె) తీగను మాత్రం కన్సోల్ దరిదాపులకు రానివ్వకండి. ప్రమాణాల ప్రకారం పనిచేసే పీఓఈ స్విచ్ అవతల ఏముందో కనుక్కున్నాకే కరెంటు పంపుతుంది. ఈ ఇంజెక్టర్లు అడక్కుండానే పంపేస్తాయి.

మేనేజ్‌మెంట్ పోర్టు, అంటే గిగాబిట్ ఈథర్‌నెట్ 0, విడిగా ఎంజీఎంటీ-ఇంట్ఎఫ్ అనే వీఆర్ఎఫ్‌లో (మిగతా పోర్టులతో కలవని సొంత రూటింగ్ పట్టికలో) ఉంటుంది. మామూలు పింగ్ (అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే కమాండ్) దాని గుండా వెళ్లదు, వీఆర్ఎఫ్ పేరు ఇచ్చి కొట్టాలి. ఇది తెలియక పోర్టు పాడైందని మార్చేవాళ్లున్నారు. ఆఫీసు ట్రాఫిక్‌ని దీంట్లోంచి నడపాలని చూడకండి. ఈ పోర్టు ఉన్నది అందుకు కాదు. జునిపర్ కంపెనీ ఎంఎక్స్ రౌటర్లలో ఎఫ్ఎక్స్‌పీ0 అనే మేనేజ్‌మెంట్ పోర్టు కూడా అంతే.

దూరం నుంచి మార్పులు చేస్తుంటే ముందు కాన్ఫిగ్ (రౌటర్ సెట్టింగులు) సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' కొట్టి మొదలుపెట్టండి. దారి తెగినా పది నిమిషాలకు రౌటర్ దానంతటదే రీస్టార్టై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుందని తేలేదాకా మళ్లీ సేవ్ చేయకూడదు. తేలాక సేవ్ చేసి, 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టడం మర్చిపోకండి. జునిపర్‌లో రీస్టార్ట్ లేకుండానే ఇదే పని 'కమిట్ కన్ఫర్మ్‌డ్' చేస్తుంది.

ఎస్ఎఫ్‌పీలోకి (ఫైబర్ కేబుల్ కలిపే చిన్న మాడ్యూల్‌లోకి) కన్నుపెట్టి చూడకండి. 1310, 1550 నానోమీటర్ల లేజర్ కంటికి కనపడదు, కానీ హాని చేస్తుంది. 80 కిలోమీటర్ల దూరం పంపే మాడ్యూళ్లను చిన్న ప్యాచ్ కార్డుతో నేరుగా కలిపితే రిసీవర్ దెబ్బతినొచ్చు, మధ్యలో అటెన్యుయేటర్ (వెలుగు బలం తగ్గించే ముక్క) పెట్టండి.

ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు కేబుళ్లు ముట్టుకోకండి. ఇంకో బిల్డింగ్‌కి వెళ్లే లింకు రాగి తీగ అయితే ఫైబర్‌కి మార్చేయడం మేలు.

పాత రౌటర్‌ని ఆ రాత్రే ర్యాక్ నుంచి దించకండి. మర్నాడు ఆఫీసు టైములో పూర్తి లోడ్ పడ్డాక చూసుకుని దించండి.