ఖాళీ గడి దగ్గర పేలిన గుణకం

మునుగోడు, మర్రిగూడ వైపు పళ్ల ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై దంతాలపై పడే మచ్చలు) డేటా చిన్నదైతే, పట్టికలో గడులు ఖాళీగా మిగిలి లెక్క చెడే తంటా తప్పదు. ఆ మచ్చల తీవ్రతను కొలిచే డీన్ సూచీలో సాధారణం నుంచి తీవ్రం దాకా ఆరు మెట్లు. కృష్ణా నీళ్లు తాగే ఆవాసంలో పిల్లలంతా ‘సాధారణం’లోనే పడ్డారనుకోండి; ఆ వరుసలో మిగతా గడులు ఖాళీ. గణాంక సాఫ్ట్‌వేర్ ఆర్‌లో సీఎల్ఎం (మెట్ల డేటాకు వాడే సంచిత లింక్ నమూనా) నడిపితే నీటి వనరు గుణకం (దాని ప్రభావాన్ని చెప్పే అంకె) ఇరవై దరిదాపుల్లో, దాని ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి) వేలల్లో వస్తాయి, పీ విలువ ఒకటిని అంటుకుంటుంది, అంటే ప్రభావమే లేనట్టు కనిపిస్తుంది. ప్రభావం లేక కాదు. అంచనా అనంతం వైపు పరుగెత్తుతూ ఆగిన చోటది.

తీవ్రం, మధ్యస్థం కలిపేయమంటారు కొందరు. చిక్కు కింది మెట్టులో ఉంటే పైమెట్లు కలిపి ఏం లాభం? ఖాళీ పోవాలని ప్రతి గడి లెక్కకూ అర (0.5) కలపడం ఇంకా మోసం: చరరాశులు పెరిగేకొద్దీ గడులు పెరుగుతాయి, మనం కల్పించిన పిల్లలూ పెరుగుతారు.

పని చేసింది, గుణకం అంచనాను తేల్చే స్కోరు సమీకరణాన్నే సవరించడం. 1993లో గణాంక శాస్త్రవేత్త ఫర్త్ చూపిన దారి ఇది. సంచిత లింక్ నమూనాలకు 2014లో కాస్మిడిస్ అన్వయించారు. సులువుగా దొరికేది ఆర్‌కు చెందిన బీఆర్‌జీఎల్ఎం2 ప్యాకేజీలోని బ్రాకల్ అనే ఫంక్షన్. దాని ఆప్షన్లలో పారలల్‌కు ట్రూ, టైప్‌కు ఏఎస్_మీన్ ఇవ్వాలి. గుణకం నేలమీదకొస్తుంది, దోషమూ అర్థమయ్యే స్థాయికి దిగుతుంది.

ఒక్క జాగ్రత్త. బ్రాకల్ పక్కపక్క మెట్ల నిష్పత్తిని చూస్తుంది, సీఎల్ఎం సంచితాన్ని (ఒక మెట్టునూ దాని కిందివాటినీ కలిపి). రెండు అంకెల్నీ పక్కన పెట్టి పోల్చొద్దు. గుర్తు కూడా తిరగబడుతుంది. నీటిలో ఫ్లోరైడ్ మోతాదు లాంటి, దిశ ముందే తెలిసిన చరరాశితో సరిచూసుకోండి.

ఒకే బోరు నీళ్లు తాగే పిల్లల ఫలితాలు ఒకేలా ఉండే ధోరణిని మాత్రం ఇది పట్టించుకోదు. దానికి ఊరివారీ బూట్‌స్ట్రాప్ (ఊళ్లను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచి లెక్క తిరిగి వేయడం) విడిగా వేయాల్సిందే.