పిల్లాడు ఐస్ హాకీ ప్లేయర్ అవుతానంటే ఎక్కడ మొదలుపెట్టాలి (కెనడాలో ఉన్న మనవాళ్ళకి)

కెనడా వచ్చిన కొత్తలో ఊరికే స్కేటింగ్ వస్తుందిలే అని పిల్లల్ని రింక్‌కి తీసుకెళ్తాం, ఓ రెండేళ్ళకి వాడొచ్చి నాన్నా నేను ఎన్‌హెచ్ఎల్‌లో (ఐస్ హాకీలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్) ఆడతా అంటాడు, మనకేమో క్రికెట్ తప్ప ఇంకో ఆటలో పైకెళ్ళే దారే తెలీదు. మా ఇంట్లో అదే జరిగింది, అప్పట్నుంచి తెలుసుకున్నవి రాస్తున్నా.

ముందు స్కేట్స్. షూ సైజు చూసి కొనకండి, స్కేట్ మామూలుగా దానికంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువే పడుతుంది. పెరిగే పిల్లాడు కదా అని నేను పెద్దవి కొన్నా, లోపల మడమ ఆడిపోయి కాళ్ళు పక్కకి ఒరిగిపోయేవి, పాపం ఒక సీజనంతా వాడికి బ్యాలెన్సే రాలేదు. లేసులు కట్టేముందు మడమని నేలకేసి వెనక్కి కొట్టమనండి, తర్వాత వేళ్ళ దగ్గర కాస్త వదులుగా, చీలమండ దగ్గర బాగా బిగించి లాగండి. ఆట అవ్వగానే బ్లేడ్లు పొడిగుడ్డతో తుడవాలి, తడిగా బ్యాగులో పడేస్తే తుప్పు పట్టేస్తాయి.

పన్నెండేళ్ళ దాకా స్కేటింగ్ మీదే పెట్టండి, గోల్స్ లెక్క వద్దు. యూ13 (13 ఏళ్ళ లోపు పిల్లల స్థాయి) వరకు బాడీ చెకింగ్, అంటే ఒంటితో గుద్ది ఆపడం, ఉండదు కాబట్టి మనవాడు సన్నగా ఉన్నాడని అప్పుడే బెంగపడక్కర్లేదు.

అసలు మలుపు 15, 16 ఏళ్ళప్పుడు. మేజర్ జూనియర్‌లో, అంటే కుర్రాళ్ళ హాకీలో పై స్థాయిలో, మూడు లీగులు, ఓహెచ్ఎల్ (ఒంటారియో), డబ్ల్యూహెచ్ఎల్ (పశ్చిమ ప్రాంతం), క్యూబెక్ లీగ్. సెలెక్ట్ అయితే చాలామంది వేరే ఊళ్ళో ఇంకో కుటుంబంతో ఉండి ఆడతారు, వాళ్ళని బిల్లెట్ ఫ్యామిలీ అంటారు, పదహారేళ్ళ పిల్లాణ్ణి అలా పంపడం మన అమ్మలకి చాలా కష్టం, ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇదివరకు ఈ లీగుల్లో ఆడితే అమెరికా కాలేజీ హాకీ తలుపు మూసుకుపోయేది, 2025 ఆగస్టు నుంచి ఆ రూల్ మారింది, ఇప్పుడు ఇక్కడ ఆడి కూడా అక్కడికి వెళ్ళొచ్చు. డబ్ల్యూహెచ్ఎల్‌లో అయితే ఆడిన ప్రతి సీజన్‌కి ఒక ఏడాది చదువు స్కాలర్‌షిప్ ఉంటుంది, అది ఎప్పటిలోపు వాడుకోవాలో సంతకం పెట్టేముందే అడగండి.

18 ఏళ్ళకి ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్, అంటే టీములు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకోవడం. 32 టీములు, 7 రౌండ్లు. అందులో పేరు పిలిచినా వెంటనే పెద్ద టీములో ఆడేస్తారని అనుకోకండి, ఎక్కువమంది ముందు జూనియర్‌లోనో కాలేజీలోనో ఇంకా ఆడి, తర్వాత ఎన్‌హెచ్ఎల్‌కి ఒక మెట్టు కింద ఉండే ఏహెచ్ఎల్ లీగ్‌లో ఏళ్ళు గడుపుతారు. టూ-వే కాంట్రాక్ట్ అంటే పైన ఆడితే ఒక జీతం, కింద ఆడితే ఒక జీతం.

డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే అయిపోయినట్టు కాదు, ఇది మాత్రం పిల్లలకి చెప్పాలి. వాంకూవర్ పక్కనున్న సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్, పంజాబీ కుటుంబం, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో 112 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) డబ్ల్యూహెచ్ఎల్ మొత్తానికి టాప్ వచ్చాడు, ఎన్‌హెచ్ఎల్ టీము వాంకూవర్ కనక్స్ సంతకం చేయించుకుంది, అబాట్స్‌ఫోర్డ్‌లో ఏహెచ్ఎల్ ఆడి ఆడి 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్ఎల్‌లో దిగాడు.

దగ్గర్లో ఏహెచ్ఎల్ టీము ఉంటే ఒకసారి పిల్లాణ్ణి తీసుకెళ్ళండి. వార్మప్ టైముకే వెళ్ళి రింక్ చుట్టూ ఉండే గ్లాస్ పక్కన నిలబెట్టండి, పక్‌ని (ఆడే రబ్బరు బిళ్ళని) కాదు, వాళ్ళ కాళ్ళు చూడమనండి.