మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునే ముందు వెడల్పు విషయంలో జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో మోటార్‌హోమ్ (మంచాలతో సహా ఇల్లులా అమర్చిన పెద్ద బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్, గ్లేసియర్ లాంటి జాతీయ పార్కులకు బయలుదేరే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉన్నాయి. పొడవెంత, ఎందరు పడుకోవచ్చు అని అందరూ అడుగుతారు గానీ వెడల్పు అడిగేవారు నాకు అరుదుగా కనిపించారు. పార్కుల దారుల్లో మొదట అడ్డం పడేది ఆ వెడల్పే కాబట్టి, డబ్బు కట్టకముందే దాన్ని తేల్చుకోవాలి.

పెద్ద మోటార్‌హోమ్‌ల బాడీ సాధారణంగా 96 లేదా 102 అంగుళాలు ఉంటుంది. జాతీయ రహదారులపై మామూలుగా అనుమతించే గరిష్ఠ వెడల్పు కూడా 102 అంగుళాలే, అయితే ఆ లెక్కలో పక్క అద్దాలు ఉండవు. అద్దాలు కలిపితే బండి ఇంచుమించు 10 అడుగులు అవుతుంది. ఇంటర్‌స్టేట్ రహదారిపై ఒక లేన్ వెడల్పు 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. బండిని సరిగ్గా మధ్యలో నడిపినా 102 అంగుళాల బాడీకి ఇరువైపులా 21 అంగుళాల చొప్పున, 96 అంగుళాల బాడీకి 24 అంగుళాల చొప్పున మాత్రమే ఖాళీ మిగులుతుంది. ఎదురుగాలి కంటే పక్కగాలి ప్రమాదకరమయ్యేది ఇందుకే.

లోపల మాత్రం ఈ రెండు బాడీల మధ్య ఉన్న ఆరు అంగుళాల తేడా నిజంగా అక్కరకు వస్తుంది. గోడలు రెండేసి అంగుళాల మందం అనుకుంటే, 60 అంగుళాల మంచాన్ని మధ్యలో వేసినప్పుడు ఇరుకు బండిలో చెరో పక్క 16 అంగుళాలు, వెడల్పు బండిలో 19 అంగుళాలు మిగులుతాయి. మొదటి దానిలో పక్కకు తిరిగి నడవాలి, రెండో దానిలో రాత్రి లేచిన అమ్మమ్మ మంచం అంచు పట్టుకుని నేరుగా నడిచి వెళ్లగలదు. పెద్దవారు వెంట ఉంటే ఈ తేడాను తేలిగ్గా తీసుకోవద్దు.

అయినా ముందు దారి చూసి, ఆ తర్వాతే సౌకర్యం చూడండి. గ్లేసియర్ పార్కులోని గోయింగ్ టు ది సన్ రోడ్డుపై, అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్‌కూ రైజింగ్ సన్‌కూ మధ్య, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు గానీ 21 అడుగుల పొడవు గానీ మించిన వాహనాలను అనుమతించరు. యూటా రాష్ట్రంలోని జయన్ పార్కులో, 1930లో ప్రారంభమైన సొరంగంలో వెడల్పు హద్దు ఇంకా తక్కువ, 7 అడుగుల 10 అంగుళాలు. ఇంతకాలం ఎదురు వాహనాలను ఆపి పెద్ద బండ్లను పంపేవారు గానీ, 2026 జూన్ నుంచి వాటిని వేరే దారికి మళ్లిస్తామని పార్కు ప్రకటించింది. చిన్న వ్యాన్ తీసుకున్నా నిశ్చింతగా ఉండకండి. బాడీ 80 అంగుళాల చుట్టూ ఉన్నా, అద్దాలు తెరిస్తే కొన్ని మోడళ్లు 8 అడుగులు దాటుతాయి.

అందుకే బండి చేతికి వచ్చిన రోజే టేపు పట్టుకుని ఈ అద్దం అంచు నుంచి ఆ అద్దం అంచు వరకు కొలిచి, ఆ అంకెను, ఎత్తుతో సహా, స్టీరింగ్ ఎదురుగా కాగితం మీద రాసి అంటించండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట తిప్పి చూడండి. బయలుదేరే ముందు స్లైడ్‌అవుట్‌లు (బండి ఆగినప్పుడు గది పెద్దది కావడానికి బయటికి జరిపే పక్క భాగాలు) పూర్తిగా లోపలికి వచ్చి బిగుసుకున్నాయో లేదో ఒకరు కిందికి దిగి చూడాలి.

గ్యాస్ స్టేషన్‌లో మరింత జాగ్రత్త అవసరం. ఒకసారి మేము ఇంధనం నింపుకుని, ముందు చక్రాలు పంపును దాటాయి కదా అని ఎడమకు తిప్పేశాం. వెనుక చక్రాల అవతల పొడుగ్గా ఉన్న భాగం కుడివైపుకు ఊగి, పసుపు రంగు ఇనుప స్తంభానికి రాసుకుంది. బాడీ మీద జానెడు మేర లోతుగా గీత పడింది. బండి వెనుక మూల కూడా స్తంభాన్ని దాటేదాకా నేరుగానే పోనిచ్చి, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పాలి.