కాన్పుకు తోడు వెళ్తున్న అమ్మలకు, అత్తలకు, అక్కలకు

ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర కన్నవాళ్లు తర్వాత ఏ పెళ్లిలోనో, సంతలోనో కలుస్తుంటారు. నొప్పుల గురించి పెద్దగా మాట్లాడరు. "ఆ రాత్రి మా అమ్మను నా దగ్గరే ఉండనిచ్చారు మేడమ్" అంటారు. లేదా, "ఎందుకు కోశారో నాకు ఎవరూ చెప్పలేదు" అంటారు. కెనడాకు చెందిన పరిశోధకురాలు ఎలెన్ హాడ్‌నెట్ కాన్పు మీద తల్లులకు తృప్తి దేనివల్ల కలుగుతుందో వందకు పైగా నివేదికలు పరిశీలించి 2002లో తేల్చిందీ ఇదే. తల్లి ముందు ఏం అనుకుని వెళ్లింది, దగ్గరుండి ఎంత ఆసరా ఇచ్చారు, సిబ్బంది ఆమెతో ఎలా మెలిగారు, నిర్ణయాల్లో ఆమె మాట ఉందా లేదా అన్న నాలుగు విషయాలే ముఖ్యమట. నొప్పి ఎంత, గది ఎలా ఉంది అన్నవి వీటి తర్వాతే. ఈ నాలుగింటిలో తోడు వెళ్లినవాళ్లు చేయగలిగింది చాలా ఉంది.

ముందు, ఎవరు తోడు రావాలో అమ్మాయినే అడగండి. తల్లా, అత్తా అని పెద్దవాళ్లు తేల్చేయకండి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు ఉండవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. తోడు వచ్చే ఆడమనిషి కాన్పు అనుభవం ఉన్నదై ఉండాలి, అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, పక్క బెడ్ల దగ్గరికి వెళ్లకూడదు. అయినా చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకే ఎనిమిదో నెల చెకప్‌లోనే "లోపలికి ఎవరిని రానిస్తారు?" అని అడిగి తెలుసుకోండి.

అదే నెలలో ఇంట్లో సిజేరియన్ గురించి కూడా మాట్లాడుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. "నీకు నార్మలే అవుతుంది" అని తొమ్మిది నెలలూ చెప్పి, చివరి గంటలో సంతకం పెట్టమంటే ఆ పిల్ల ఏమైపోతుంది? రెండు దారులూ ముందే తెలిసుండాలి. ముహూర్తం చూసుకుని కోయించుకునే ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి.

నొప్పులు మొదలయ్యాక తొలిచూలు వాళ్లకు ఎక్కువ భయం టైము గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భసంచి ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టు. అక్కడి నుంచి పూర్తిగా తెరుచుకోవడానికే తొలి కాన్పులో 12 గంటల దాకా పట్టవచ్చు. ఈ సంగతి తెలిస్తే "ఇంకా కాలేదేంటి" అనే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇబ్బందేమీ లేకపోతే అటూ ఇటూ నడిపించండి, గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టండి. నొప్పి వచ్చినప్పుడు వెనక నిలబడి, నడుము కింది ఎముక మీద అరచేతి అడుగుభాగంతో గట్టిగా నొక్కి పట్టండి. రుద్దడం కాదు, నొక్కి పట్టాలి. నొప్పి దిగగానే వదిలేయండి. చాలామందికి దానితో ప్రాణం లేచొస్తుంది.

లోపల పరీక్ష చేసేటప్పుడు మీరు తల దగ్గర నిలబడండి. తెర లేకపోతే చీర కొంగైనా అడ్డం పట్టండి. సిస్టర్ చెయ్యి తీయగానే "ఎంత తెరుచుకుందమ్మా?" అని అడిగి, ఆ మాట అమ్మాయికి చెప్పండి. ఎన్నిసార్లు పరీక్ష చేసినా ఏమైందో చెప్పకుండా వెళ్లిపోవడమే వాళ్లను ఎక్కువ బాధపెడుతుంది.

"నీ ఒక్కదానికేనా నొప్పులు, మేమంతా కనలేదా" అన్న మాట సిబ్బంది నోట విన్నాను, సొంత తల్లుల నోటా విన్నాను. ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది. అరిస్తే అరవనివ్వండి. ఎవరైనా కసురుకుంటే మీరు తిరిగి గొడవపడకండి, ఆ కోపం ఆమె మీదకే మళ్లుతుంది. "భయపడుతోంది మేడమ్, మీరు ఒక్క మాట చెబితే ధైర్యం వస్తుంది" అనండి. ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

ఆపరేషన్ అన్నప్పుడు మూడే అడగండి: ఎందుకు? కాసేపు ఆగితే ఏమవుతుంది? బిడ్డ గుండె ఎలా ఉంది? జవాబు అమ్మాయికి వినిపించేలా చెప్పమనండి, కాగితం మీద సంతకం కూడా ఆమెతోనే పెట్టించండి. బిడ్డ గుండె పడిపోతోందన్నా, రక్తం బాగా పోతోందన్నా ప్రశ్నలతో ఆలస్యం చేయకండి. నార్మల్ కాన్పులో బిడ్డ త్వరగా బయటికి రావాలని పొట్ట మీద పడి నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. ఎవరైనా అలా మొదలుపెడితే డాక్టర్‌ను పిలవమనండి. నార్మల్ కాన్పు తర్వాత కింద కుట్లు వేసేటప్పుడు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారా అని తప్పకుండా అడగండి.

బిడ్డ పుట్టగానే బాగుంటే తల్లి రొమ్ము మీద పడుకోబెట్టమని అడగండి, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించండి. ఆడపిల్ల అయితే మీ ముఖంలో ఏముందో ఆమె చూస్తుంది. "మళ్లీ ఆడపిల్లేనా" అన్న మాట అప్పుడు నోటికి రానే కూడదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం 2011 నుంచి ఉచితం. బలవంతం చేస్తే టైము, వార్డు రాసుకుని సూపరింటెండెంట్‌కు కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి.

ఇంటికి వెళ్లేముందు, "నీ కాన్పులో అర్థం కానిది ఏమైనా ఉందా?" అని అమ్మాయిని అడిగి, ఉంటే డ్యూటీ డాక్టర్‌తోనే చెప్పించండి. సిజేరియన్ అయితే ఎందుకు చేశారో డిశ్చార్జి కాగితంలో రాశారో లేదో చూడండి. రెండో కాన్పుకు ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అదే.