జీతాల జీవో చదవడం – 4వ పాఠం: శాతాన్ని రూపాయల్లోకి దించడం

పోయిన పాఠం చివర పాత బేసిక్ నుంచి కొత్త బేసిక్ కట్టే లెక్క ఇచ్చాను, చాలామంది చేసి పంపారు. అందులో సగం మంది ఒకే చోట జారిపడ్డారు. బేసిక్‌కు (మూల వేతనానికి) డీఏ (కరువు భత్యం) కలిపి, ఆ మొత్తం మీద ఫిట్‌మెంట్ (జీతాల సవరణలో కలిపే పెంపు శాతం) వేశారు. అంత ఉదారత ఏ సర్కారుకూ ఉండదు. ఫిట్‌మెంట్ ఒక్క బేసిక్ మీదే. డీఏ వరస వేరు, ఫిట్‌మెంట్ వరస వేరు, రెండూ బేసిక్ పక్కన విడివిడిగా చేరాలి. ఇది తప్పితే మిగతాదంతా తప్పుతుంది కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను.

ఈ పాఠానికి 2022 నాటి ఆంధ్రప్రదేశ్ 11వ పీఆర్సీ (వేతన సవరణ సంఘం) తగాదాను తీసుకుంటున్నాను. ఇప్పుడు నడుస్తున్నదాన్ని వదిలి పాతదెందుకు అంటారేమో. నడుస్తున్న తగాదాలో లెక్క వేస్తే ఎవరో ఒకరి పక్షం వహించినట్టు అవుతుంది. ముగిసినదాంట్లో అడిగిందీ, ఇచ్చిందీ రెండూ కాగితం మీదే ఉన్నాయి. చదవడం నేర్చుకోవడానికి అదే మేలు.

కాగితం తీసుకోండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

మన లెక్కకు ఒక టీచరమ్మను పెట్టుకుందాం. తిరుపతి టౌన్‌లోనే బడి. పాత స్కేలులో బేసిక్ 28,120. మధ్యలో వచ్చే ఇంక్రిమెంట్లను ఈ పాఠానికి పక్కన పెడుతున్నాం, వాటి సంగతి ఆరో పాఠంలో.

పాత బేసిక్ 28,120.
1-7-2018 నాటి డీఏ 30.392 శాతం, అంటే 8,546.
ఫిట్‌మెంట్ 23 శాతం, అంటే 6,468.
మూడూ కలిపితే 43,134.

ఇక్కడితో ఆగకూడదు. 43,134 అనే జీతం కొత్త మాస్టర్ స్కేలులో, అంటే జీతాల మెట్లన్నీ వరసగా ఉన్న పట్టికలో, ఎక్కడా లేదు. ఆ వరసలో ఈ ముక్క చూడండి: 39,800 – 1,170 – 43,310 – 1,260 – 47,090. అంటే 39,800 నుంచి 43,310 దాకా మెట్టుకు 1,170 చొప్పున, అక్కణ్ణుంచి 47,090 దాకా 1,260 చొప్పున ఎక్కాలి. 40,970, 42,140, 43,310. మన మొత్తానికి పైనున్న మెట్టు 43,310. టీచరమ్మ కొత్త బేసిక్ అదే.

ఇప్పుడు అసలు పని. 2021 డిసెంబరులో అధికారుల కమిటీ చెప్పిన ఫిట్‌మెంట్ 14.29 శాతం. పీఆర్సీ కమిషన్ చెప్పింది 27. 2022 జనవరి 7న ప్రభుత్వం ప్రకటించింది 23. పైగా 2019 జులై నుంచి అప్పటికే 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) చేతికి వస్తోంది. అందుకే "ఐఆర్ కంటే ఫిట్‌మెంట్ తక్కువా?" అని ఊరూరా గోల. ఆ కోపంలో న్యాయం ఉంది. 2015లో కమిషన్ 29 చెబితే 43 ఇచ్చారు, 2010లో 27 చెబితే 39 ఇచ్చారు. కమిషన్ చెప్పినదానికి పైన ఎంత అని బేరమాడడం అలవాటైన వాళ్లకు, ఈసారి కిందికి దిగడం మింగుడుపడలేదు.

అయితే మూడు అంకెలనూ టీచరమ్మ జీతంలోకి దించండి. 14.29 వేస్తే మొత్తం 40,685, మెట్టు 40,970. 23 వేస్తే 43,310. 27 వేస్తే మొత్తం 44,259, మెట్టు 44,570.

23కూ 27కూ తేడా ఎంత? నెలకు 1,260 రూపాయలు. ఒక్క ఇంక్రిమెంటు. దాని మీద డీఏ, ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) కలిపి చూసినా రెండు వేలు దాటదు. ఇదే మాస్టర్ స్కేలు మీద నేను ఎన్నో బేసిక్‌లు వేసి చూశాను. ప్రతిసారీ తేడా ఒక్క మెట్టే వచ్చింది. మీరూ వేసి చూడండి, రెండు మెట్లు వస్తే నాకు రాయండి.

14.29 సంగతి కూడా గమనించండి. ముందు ఆ అంకె వినిపించింది కాబట్టే 23 అనగానే కొందరికి పెరిగినట్టు అనిపించింది. గాంధీ రోడ్డులో చీర కొన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు, కాకపోతే అక్కడ ముందు ఎక్కువ చెబుతారు, ఇక్కడ ముందు తక్కువ చెప్పారు.

దెబ్బ తగిలింది వేరే చోట.

జనవరి 17న జీవోలు వచ్చాయి. ఆ వారంలో మావాళ్లు చాలామంది ఫిట్‌మెంట్ వాక్యం చదివి, వాట్సాప్‌లో కోపంగా ఒక మాట రాసి, జీవో మూసేశారు. ఇంటద్దె పట్టిక దాకా వెళ్లినవాళ్లు తక్కువ. నేను కూడా మొదటి రోజు వెళ్లలేదు, ఒప్పుకుంటున్నాను.

నెలాఖరుకు ట్రెజరీల్లో పెద్ద పీటముడి పడింది. కొత్త స్కేళ్ల ప్రకారమే బిల్లులు చేయాలని ప్రభుత్వం, చేయబోమని ఉద్యోగులు, చేయకపోతే క్రమశిక్షణ చర్యలని మెమోలు. చివరికి కొత్త లెక్కతోనే జీతాలు పడ్డాయి. ఆ ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం ఇలాంటి టీచరమ్మే ఒకరు ఫోన్ చేశారు. పే స్లిప్ తెరిచి పెట్టుకుని ఉన్నారు.

"సార్, బేసిక్ పెరిగింది, బాగానే ఉంది. హెచ్‌ఆర్‌ఏ దగ్గర మూడు వేల నాలుగొందల అరవై ఐదు అని ఉంది. ఏదో టైపింగ్ తప్పు అనుకుంటా."

"తప్పు కాదమ్మా. పాత స్లిప్‌లో ఎంతుందో చూడండి."

కాసేపు మాట లేదు. కాగితాల చప్పుడు. "ఐదు వేల ఆరొందల ఇరవై నాలుగు సార్."

"మీ ఇంటి ఓనరు అద్దె తగ్గించాడా?"

ఆమె నవ్వలేదు.

ఆ రెండు అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం. ఈ పాఠంలో మీరు గట్టిగా పట్టుకోవలసిన చోటు ఇదే. ఇంటద్దెను ఊరి జనాభా బట్టి ఇస్తారు. 2011 లెక్కల్లో తిరుపతి నగరం జనం మూడు లక్షలకు కాస్త తక్కువ. పాత పద్ధతిలో రెండు లక్షలు దాటిన ఊళ్లకు 20 శాతం. 28,120 మీద 20 శాతం, 5,624. జనవరి జీవోలో హద్దును ఐదు లక్షలకు జరిపారు. ఐదు లక్షల లోపు ఊళ్లన్నిటికీ 8 శాతం. జీవోలో తిరుపతి పేరెత్తకుండానే తిరుపతి కింది వరసలోకి జారిపోయింది. 43,310 మీద 8 శాతం, 3,465. పాత 20 శాతమే ఉంచి ఉంటే కొత్త బేసిక్ మీద 8,662 వచ్చేది.

పోయింది నెలకు 5,197. ఫిట్‌మెంట్‌లో పోయింది 1,260.

అందరం నినాదమిచ్చింది 1,260 గురించి!

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటి పోవద్దు. అదే బేసిక్‌తో ఏ కొండ కింది పల్లెలోనో పనిచేసే టీచరును తీసుకోండి. పాత ఇంటద్దె 12 శాతం, అంటే 3,374. కొత్తది 8 శాతం, 3,465. ఆయన స్లిప్‌లో తొంభై ఒక్క రూపాయలు పెరిగినట్టే కనిపించింది. తిరుపతి టీచరు కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే పల్లె టీచరు "ఏమైందబ్బా?" అంటాడు, అతని తప్పేం లేదు. ఒకే జీవో ఒకే సంఘంలోని ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే పెద్దాయనకైతే ఫిట్‌మెంటే ప్రాణం, ఎందుకంటే పింఛను బేసిక్ మీద కడతారు, ఇంటద్దె మీద కాదు. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడికి ఈ నెల అద్దె ముఖ్యం. సంఘం నాయకులు ఒకే శాతాన్ని నినాదం చేసుకోవడానికి ఇదో కారణమని నా అనుమానం. శాతం అందరికీ ఒకేలా వినిపిస్తుంది, రూపాయల్లో చెబితే ఎవరి గొడవ వాళ్లది బయటపడుతుంది. బయటపడితేనే మంచిదని నా పక్షం. తర్వాత చర్చల బల్ల దగ్గర బయటపడేకంటే ముందు మన గదిలోనే బయటపడనీండి.

జనవరి 20న కలెక్టరేట్ల ముట్టడి జరిగింది. అప్పటికి తిరుపతి జిల్లా లేదు, కలెక్టరేటంటే చిత్తూరే. ఫిబ్రవరి 3న చలో విజయవాడ. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి సమ్మె అని నోటీసు. సమ్మె మొదలుకాకముందే మంత్రుల కమిటీతో చర్చలు ముగిసి విరమణ. ఈ కథ మీకు తెలిసిందే, పత్రికల్లో కావలసినంత ఉంది. మనకు కావలసింది చర్చల తర్వాత మారిన అంకెలు. మళ్లీ కాగితం.

ఫిట్‌మెంట్ 23 అలాగే ఉంది, ఒక్క పైసా కదల్లేదు. తిరుపతి లాంటి ఊళ్లకు ఇంటద్దె 16 శాతమైంది, నెలకు 17,000 మించకుండా. 43,310 మీద 16 శాతం 6,930. అంటే 3,465 వెనక్కి వచ్చింది, 1,732 రాలేదు. యాభై వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు 10 శాతం.

ఐఆర్ సంగతి విడిగా చెప్పాలి. కొత్త స్కేలు కాగితం మీద 1-7-2018 నుంచి, చేతికి డబ్బు మాత్రం 1-4-2020 నుంచి. మధ్యలోని 21 నెలలను నోషనల్ అంటారు, జీతం పెరిగినట్టు రాసుకుంటారు, ఇవ్వరు. ఆ 21 నెలల్లో చివరి తొమ్మిదింటికి, అంటే 2019 జులై నుంచి 2020 మార్చి దాకా, ఐఆర్ అప్పటికే ఇచ్చేశారు. దాన్ని వెనక్కి రాబట్టుకోవడం ప్రభుత్వం మొదటి ఆలోచన. చర్చల్లో దాన్ని వదిలేశారు. మన టీచరమ్మకు నెలకు 7,592 చొప్పున తొమ్మిది నెలలకు 68,328 రూపాయలు. ఇంత పెద్ద మొత్తం వెనక్కి పోకుండా ఆగితే ఊళ్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. చేతిలోంచి పోనిదాన్ని ఎవరు లెక్కపెడతారు?

పదేళ్లకోసారి వేతన సవరణ అన్నదాన్ని మళ్లీ ఐదేళ్లకు తెచ్చారు. పింఛనుదార్లకు 70 ఏళ్లకు 7, 75 ఏళ్లకు 12 శాతం అదనపు పింఛను మిగిలింది. అంతకుముందు అవి 10, 15. ఉపాధ్యాయ సంఘాలు చాలావరకు ఈ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు, ఫిట్‌మెంట్ కదలనప్పుడు విరమణ ఏమిటని.

ఎవరిది రైటు? నేను చెప్పను. మీరు మీ స్లిప్ తీసి మూడు వరసలు గీసుకోండి: అడిగింది, ఇచ్చింది, చేతికొచ్చింది. ప్రతి గడిలో శాతం కాదు, రూపాయలు. అప్పుడు మీ జవాబు మీకు దొరుకుతుంది, పక్కవాడి జవాబు వేరైతే ఎందుకు వేరో కూడా తెలుస్తుంది.

ప్రభుత్వం వైపు అంకెలనూ ఇలాగే చదవాలి. జనవరి 7న చెప్పిన మాట: ఏటా 10,247 కోట్ల అదనపు భారం. అబద్ధమని కొట్టేయకండి, నిజమని తలూపకండి. ఏ అంకెతో పోల్చి "అదనం" అంటున్నారో అడగండి. అప్పటికే ఇస్తున్న ఐఆర్ ఆ అదనంలో ఉందా, బయట ఉందా? పాత డీఏలు కలిపారా? సంఘం కరపత్రంలోని "నష్టం"కూ ఇవే ప్రశ్నలు. "నష్టం" అన్నప్పుడు దేనితో పోలిక? మన టీచరమ్మ ఇంటద్దె నష్టం పాత రూపాయలతో పోలిస్తే 2,159, పాత శాతంతో పోలిస్తే 5,197. రెండూ నిజమే. కరపత్రం రెండోది వేస్తుంది, మంత్రిగారు ఏదీ వేయరు.

చట్టం సంగతి కొందరు అడిగారు. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నుంచి ఉంది, సమ్మె కూడదంటుంది. 2003లో మన పక్కనే, చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడులో, సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగులను రాత్రికి రాత్రి తీసేశారు. ఆ కేసులోనే సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదంది. తీసేసినవాళ్లలో అత్యధికులు తర్వాత క్షమాపణ రాసిచ్చి పనిలో చేరారు. మన దగ్గర 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టారు. పదకొండున్నర వేల గౌరవ వేతనం చాలదన్నవాళ్ల మీద! అయినా ఆ తర్వాత కూడా సమ్మె రెండు వారాలకు పైగా నడిచింది. నోటీసులో ఏం రాయాలి, "నో వర్క్ నో పే" అంటే స్లిప్‌లో ఏ గడి తగ్గుతుంది, ఇదంతా వచ్చే పాఠం.

ఈ వారం లెక్క. తిరుపతిలోనే జూనియర్ అసిస్టెంటు, పాత బేసిక్ 18,400. మాస్టర్ స్కేలు ముక్క: 25,940 – 780 – 28,280 – 850 – 30,830. 23తోనూ 27తోనూ కొత్త బేసిక్ కట్టండి. ఇంటద్దెను పాత 20తో, జనవరి 8తో, చర్చల తర్వాతి 16తో వేయండి. తర్వాత ఒక్క వాక్యం రాయండి: ఈయన చర్చల బల్ల దగ్గర కూర్చుంటే ముందు దేన్ని అడగాలి? ఫిట్‌మెంట్ అని రాసేవాళ్లు ఈయన వయసెంత అనుకున్నారో కూడా రాయండి.