ఎయిడ్ లెటర్‌లో ఉన్న అప్పంతా తీసుకోనక్కర్లేదు

అమెరికాలో మెడికల్, డెంటల్ లేదా లా స్కూల్లో సీటు వచ్చిందా? అయితే మీకు ఏ సాయం ఎంత ఇస్తారో చెప్తూ స్కూల్ పంపే ఎయిడ్ లెటర్ రాగానే పెన్ను పట్టుకుని కూర్చోండి. గ్రాంట్, స్కాలర్‌షిప్ అని ఉన్నవి తిరిగి కట్టక్కర్లేదు. లోన్ అని ఉన్న ప్రతి లైనూ అప్పే, వాటిని విడిగా కూడండి.

ముందు ఫాఫ్సా, అంటే ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సాయం కోసం పెట్టే దరఖాస్తు, నింపాలి. ఇది సిటిజన్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ లోన్ రాదు. ప్రొఫెషనల్ కోర్సుల వాళ్ల ఫాఫ్సాకు అమ్మానాన్నల ఆదాయం అక్కర్లేదు గానీ, కొన్ని స్కూళ్లు తమ సొంత గ్రాంట్ల కోసం ఆ వివరాలు అడుగుతాయి, బద్ధకించకుండా ఇవ్వండి.

2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ (మిగతా ఖర్చంతటికీ ఇచ్చే ఫెడరల్ అప్పు) లేదు. ప్రొఫెషనల్ విద్యార్థికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, కోర్సు మొత్తానికి 2,00,000 డాలర్లు, అంతే. పైన పడే ఖర్చుకు చాలామంది ప్రైవేట్ లోన్ వైపు వెళ్తారు, అక్కడ బాబాయో మావయ్యో కోసైన్ చేయాల్సి వస్తుంది. మీరు కట్టలేకపోతే ఆ అప్పు వాళ్ల మీద పడుతుందని, వాళ్ల క్రెడిట్ కూడా పాడవుతుందని సంతకానికి ముందే చెప్పండి, మొహమాటపడొద్దు.

ఇక వడ్డీ. ఈ ఫెడరల్ లోన్‌కి డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, చదువు అయ్యేదాకా ఆగదు. 50,000 డాలర్లకు 8 శాతం అనుకుంటే ఏడాదికి 4,000, అంటే మొదటి ఏడాది తెచ్చిన అప్పు మీదే నాలుగేళ్లకు 16,000 డాలర్లు. అందుకే అవసరమైనంతే తీసుకోండి, సెమిస్టర్ మధ్యలో కావాలంటే ఇంకొంచెం అడగొచ్చు. తీసుకున్నాక మిగిలితే 120 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయండి, ఆ భాగానికి వడ్డీ, ఫీజు పడవు. ఈ సంగతి తెలియక ఖర్చుపెట్టేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

టెన్షన్ పడుతూ గదిలో ఒక్కరే లెక్కలు వేసుకోకండి. స్కూల్ ఎయిడ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని, చదువయ్యేసరికి నా అప్పు ఎంతవుతుంది, నెలకు ఎంత కట్టాలి అని సూటిగా అడగండి. ఇంట్లో ఎవరి ఉద్యోగమైనా పోతే ఆ కాగితాలు పట్టుకెళ్లి, సాయం మళ్లీ లెక్కగట్టమనండి. ముందు ఫీజు కడితే అప్పు మాఫీ చేయిస్తామని ఫోన్ చేసేవాళ్లకు మాత్రం వివరాలేవీ చెప్పకుండా ఫోన్ పెట్టేయండి.

ప్రభుత్వ సంస్థలోనో 501(సి)(3) నాన్‌ప్రాఫిట్‌లోనో (ఆ సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ) ఫుల్ టైమ్ పని చేస్తూ, అర్హత ఉన్న ప్లాన్‌లో 120 నెలవారీ కిస్తీలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. దీన్నే పీఎస్ఎల్ఎఫ్ అంటారు. చాలా టీచింగ్ హాస్పిటళ్లు నాన్‌ప్రాఫిట్లే కాబట్టి రెసిడెన్సీలో, అంటే మెడికల్ స్కూల్ అయ్యాక హాస్పిటల్లో చేసే శిక్షణలో, కట్టే చిన్న కిస్తీలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ప్రైవేట్ లెండర్ దగ్గర రీఫైనాన్స్ చేయించారో (ఫెడరల్ అప్పు తీర్చేసి వాళ్ల దగ్గర కొత్త అప్పు తీసుకున్నారో), ఆ అవకాశం పోయినట్టే. రెసిడెన్సీలో చేరిన వారంలోనే హాస్పిటల్‌కు అర్హత ఉందో లేదో చూసుకుని, ఏటా ఎంప్లాయర్ ఫారం సంతకం పెట్టించి పంపండి.